పందొమ్మిదో సంచికలో ఏనుగు

ఏనుగు గురించి మళ్లీ మొదలుపెట్టకండి. ఆ చర్చ ముగిసిందని జంగయ్య సార్ మా కమిటీ ఫోను గ్రూపులో రెండుసార్లు ప్రకటించారు. ప్రకటించిన ప్రతిసారీ ఆయనే మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఏనుగును నేను పెట్టలేదు. తీసేయమంటే తీసేయలేదు, అంతే. ఈ రెండింటికీ తేడా తెలియనివాళ్లు పాత పత్రికల పనిలోకి రాకండి, పిండిగిర్ని పెట్టుకోండి. అక్కడ ఏది పోసినా పిండే వస్తుంది, ఎవరూ అడగరు.

ఇది నా తర్వాత ఈ పనికి వచ్చేవాళ్ల కోసం. కమిటీవాళ్లు 'వృత్తి అనుభవాలు' రాసి పంపమన్నారు, రాస్తున్నాను. నా వయసు ఇరవై ఎనిమిది. నేను రిటైరయ్యాను. నవ్వుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేసుకోండి, నేను ఆగుతాను.

నల్లగొండ నుంచి 'పల్లేరుకాయ' అని ఒక పత్రిక వచ్చేది. కథలు, కవితలు, చేతితో గీసిన బొమ్మలు. ఏ పార్టీదీ కాదు, ఏ సేటుదీ కాదు. యాదగిరి సార్ అనే లెక్కల టీచరు ఒక్కడే నడిపాడు. నలభై సంచికలు వచ్చి ఆగిపోయింది. రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఆయన స్నేహితులు కమిటీగా కూడారు, అందరూ రిటైరైన టీచర్లే. ఆ నలభై సంచికలనూ వెతికి, బాగుచేసి, మళ్లీ అచ్చు వేయాలని తీర్మానించారు. ఆ పనికి నన్ను పెట్టుకున్నారు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. అప్పటిదాకా నల్లగొండ అంటే నాకు బస్సు చాయ్ కోసం ఆగే హోటలు మాత్రమే.

పని పూర్తయ్యాక నన్ను ఎలా పంపించాలో కమిటీకి అర్థం కాలేదు. జంగయ్య సార్‌ది మహబూబ్‌నగర్, హెడ్మాస్టరుగా చేశారు. సర్వీస్ రూల్స్ బయట మనుషులు బతుకుతారని ఆయన నమ్మరు.

"సర్వీసుల చేరిన మనిషి దిగాల్నంటె మూడే తొవ్వలు బిడ్డా," అన్నారు. "ట్రాన్స్‌ఫర్, సస్పెన్షన్, రిటైర్మెంట్. మనకు రెండో ఆఫీసు లేదు, ట్రాన్స్‌ఫర్ కాదు. ఏనుగు ముచ్చటకు నిన్ను సస్పెండ్ జేద్దామంటె యాదగిరి ఒప్పుకుంటలేడు. ఇగ మిగిలింది గదొక్కటే."

అలా ఒక ఆదివారం పొద్దున, ఎరువుల దుకాణం మీదున్న మా ఆఫీసు గదిలో నాకు పదవీ విరమణ సన్మానం జరిగింది. శాలువా కప్పారు. గోడ గడియారం ఇచ్చారు. వెనక ఫ్లెక్సీ మీద నా ఫోటో, కింద 'శేష జీవితం మనవలు మనవరాళ్లతో ఆనందంగా గడపాలని' అని ఉంది.

"నాకు పెళ్లే కాలేదు సార్, మనవలు ఎక్కడినుంచి తేవాలి?" అని అరిచాను.

"ఫార్మాట్ గట్లనే ఉంటది," అన్నారు జంగయ్య సార్. "కూసో. ఇంక నలుగురు మాట్లాడాలె."

ఈ పని అసలు ఏమిటి

స్కానింగ్ అనుకుంటారు. స్కానింగ్ నా ఫోను చేస్తుంది. మీ పని ఏమిటంటే, తమ దగ్గర ఏముందో తెలియనివాళ్ల ఇంటికి పోయి దాన్ని అడగడం. ఏముందో బాగా తెలిసి ఇవ్వనివాళ్ల ఇంటికి పోయి కూర్చోవడం కూడా.

పనికి ఒకటే నియమం: ఉన్నది ఉన్నట్టు. అది నాకు మూడో సంచిక నేర్పింది. అందులో ఒక కవి ఫోటో, పశువుల సంత ప్రకటన ఫోటో తారుమారయ్యాయి. కవిత పక్కన ఎద్దు ఉంది. 'బలమైనవి, దున్నకానికి అలవాటైనవి అమ్మబడును' అన్నచోట కవి ఉన్నాడు. నేను ఫోనులోనే రెండు నిమిషాల్లో సరిచేసి గ్రూపులో పెట్టాను. పొగుడుతారనుకున్నాను.

యాదగిరి సార్ ఫోన్ చేశారు. "ఎవరు మార్చమన్నరు నిన్ను?"

"తప్పు కదా సార్."

"తప్పే. ఆ తప్పుకు ఆ కవి నాతోని మూడేండ్లు మాట్లాడలే. బొమ్మ సక్కగజేస్తివి. ఆ మూడేండ్లు గుడ వాపస్ తెస్తవా?"

కోపంతో ఫోను మంచం మీద విసిరేశాను, తర్వాత తీసుకుని ఎద్దును మళ్లీ కవిత పక్కన పెట్టాను. ఆ రోజు ఆయన చెప్పిందే సరైనది. పత్రిక ఎలా ఉండాల్సిందో కాదు, ఎలా వచ్చిందో ముఖ్యం. దీన్ని గుర్తుపెట్టుకోండి, తర్వాత ఇదే నా మెడకు చుట్టుకుంది.

యాదగిరి సార్ గురించి ఇంకో రెండు మాటలు. ఆయనకు పంపిన ప్రతి కథకూ ఎర్ర పెన్నుతో పదికి మార్కులు వేసేవారు. ఆ రాతప్రతులన్నీ ఇప్పటికీ ఇంట్లో గోనె సంచుల్లో ఉన్నాయి. సంచిక పోస్టులో వేసిన వారానికి చందాదారులకు ఒక్కొక్కరికీ కార్డు రాసి 'వచ్చిందా' అని అడిగేవారు. నేను చూసిన బాసుల్లో అందరికన్నా మంచివాడు. అబద్ధం కూడా చెప్పాడు. రెండూ రాస్తాను.

కల్వకుర్తి ట్రంకు పెట్టె

కల్వకుర్తి దగ్గరి ఊళ్లో గొర్రెలు కాసే మల్లయ్య ఇంట్లో మొత్తం సెట్టు ఉందని సార్ చెప్పారు. సార్ మొదటి ఉద్యోగం ఆ ఊళ్లోనే, మల్లయ్య ఆయన శిష్యుడు. పోయాను. మల్లయ్య ట్రంకు పెట్టె తెరిచాడు. నిజంగానే వరసగా ఉన్నాయి. పోస్టు చుట్టలు చుట్టలుగానే ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు.

"ఎందుకు విప్పలేదు పెద్దనాన్నా?"

"సారు వచ్చిందా అని అడుగుతడు. వచ్చింది సారూ అని రాపిస్త. సదివినవా అని అడగడు. ఇప్పితె సదవాలె. సదివితె ఏం సమజైందిరా అంటడు. లెక్కల పీరియడ్ల గట్లనే బెంచెక్కిచ్చిండు నన్ను."

"ఇప్పుడు నేను విప్పుతాను, ఇవ్వండి."

"ఇప్పుతె నా ముంగటనే సదువు. రేపు సారు అడిగితె నేను అబద్ధమాడొద్దు. ఇంగ ఆ ఫోను లోపట వెట్టు, దాని సప్పుడుకు గొర్లు బెదురుతున్నయ్."

అలా నేను రోజూ కల్వకుర్తి బస్సు దిగి, రాళ్ల చెలకలో, గొర్రెల వెనక నడుస్తూ 'పల్లేరుకాయ' గట్టిగా చదివాను. నాలుగు రోజుల్లో నా గొంతు పోయింది. మల్లయ్య అంతా విన్నాడు. చివరికి కర్ర మీద గడ్డం ఆనించి అడిగాడు.

"గీ పుస్తకాలల్ల ఒక్కడన్న బతికి బట్టకడ్తడా బిడ్డా?"

నేను ఆగిపోయాను. వెనక్కి తిప్పి చూశాను. రైతు పోయాడు. జీతగాడు పోయాడు. పెళ్లికొడుకు పోయాడు. ఒక కథలో కుక్క కూడా పోయింది. ఇంత చదివిన నాకు కనిపించనిది గొర్రెలకాపరికి కనిపించింది. మీ దగ్గర చదివిన మనిషి ఉంటే మంచిదే, వినే మనిషి ఉంటే ఇంకా మంచిది.

పెట్టెలో ముప్ఫై తొమ్మిదే ఉన్నాయి. పందొమ్మిదో సంచిక లేదు.

"అది రాలే," అన్నాడు మల్లయ్య. "సారు గుడ ఆ పారి వచ్చిందా అని అడగలే. అడగకపోతె నేనెందుకు జెప్పాలె?"

పందొమ్మిదో సంచిక కథ మా గ్రూపులో అందరికీ తెలుసు. దాన్ని పోలీసులు ప్రెస్సు దగ్గరే పట్టుకుపోయారు. యాదగిరి సార్ ఎక్కడ మాట్లాడినా ఆ విషయం వస్తుంది, చప్పట్లు పడతాయి. సరే, పోలీసులు పట్టుకుపోయారు. మరి ప్రతి మనిషికీ కార్డు రాసే సార్ ఆ ఒక్కసారి ఎందుకు రాయలేదు? పోయిందని కూడా ఎందుకు చెప్పలేదు?

పడుగులో పత్రిక

'పల్లేరుకాయ' అచ్చు వేసింది ఖాజా భాయ్. నల్లగొండలో ఆయన ప్రెస్సు ఇప్పుడు ఫ్లెక్సీల షాపు. నా మనవలు మనవరాళ్లను అచ్చువేసింది కూడా ఆయనే.

"పోలీసులా?" అన్నాడు ఖాజా భాయ్. "పోలీస్ గీలీస్ ఎవ్వరు రాలే బేటా. పోచంపల్లి పిల్ల ఒకామె వచ్చింది, అండాలు. అండ్ల కథ రాసిన పిల్లనే. నా పుస్తకం ఇయ్యి భాయ్ అన్నది, ఇచ్చిన. గీ బెంచి మీదనే కూసోని చదివింది. లేచింది. కట్టలన్ని సారు తెమ్మన్నడు అన్నది. నేనే మోసుకపొయ్యి బస్సు మీదికెక్కిచ్చిన. మూడొందల కాపీలు. మంచి పిల్ల, నాకు చాయ్ గుడ తాపిచ్చింది."

"మరి సార్‌కు తెలుసా?"

"తెల్వకేంది. శాన సేపు సోంచాయించిండు. ఖాజా, పోలీసులు గుంజుకపోయిన్రని చెప్దాం, పత్రికకు ఇజ్జత్ ఉంటది అన్నడు."

ఆ మధ్యాహ్నమే పోచంపల్లి బస్సెక్కాను. దారంతా గ్రూపులో మెసేజ్ టైప్ చేస్తూ, చెరిపేస్తూ.

అండాలక్కకు ఇప్పుడు నలభై దాటాయి. ఇంటి ముందు గదిలో గుంట మగ్గం మీద చీర నేస్తోంది. పక్కన ఆమె తల్లి లక్ష్మమ్మ రాట్నం మీద కండెలు చుడుతోంది. నేను ఎందుకొచ్చానో చెప్పాను. అండాలక్క చేయి ఆగలేదు.

"పందొమ్మిదో సంచిక ఉందా అక్కా?"

"ఉంది."

"ఎక్కడ?"

గడ్డంతో మగ్గం అవతలి కొస చూపించింది. అక్కడ పడుగు, అంటే నిలువు దారాలన్నీ, ఒక రోలరుకు చుట్టి ఉంది. దారం పొరలు ఒకదాంట్లోకి ఒకటి దిగబడకుండా మధ్యలో కాగితాలు పెట్టి చుడతారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ ఇంట్లో ప్రతి పడుగులో పెట్టిన కాగితాలు 'పల్లేరుకాయ' పందొమ్మిదో సంచికవే. పిన్నులు తీసి, విడదీసి, చినిగేదాకా వాడి, చినిగాక పొయ్యిలో పెట్టారు. మూడొందల కాపీల్లో మిగిలింది ఒకటి. అది ఆ రోలరులో ఉంది.

"తీసివ్వు అక్కా, ఫోటో తీసుకుని మళ్లీ ఇస్తాను."

"పడుగుల చిలుకలున్నయ్," అంది అండాలక్క. "దారానికి ముందే చిటికి ముడులు కట్టి రంగులేసినం. ఇప్పుడు చుట్ట ఇప్పితె ఒక్కొక్క పోగు జరుగుతది. చిలుక ముక్కు పొయ్యి తోక కాడ కూసుంటది. నేసుకుంట పోతాంటె కాయితం దానంతటదే ఎల్తది. ఆగు."

"ఎంత సేపు?"

"చీర ఎంత సేపట్ల అయితె అంత సేపు. ఒకటి గాదు, ఇంక ఐదు చీరలుంది పడుగు."

నేను వీడియోలు రెండింతల వేగంతో చూసే మనిషిని. వాయిస్ మెసేజ్ నిమిషం దాటితే వినను. అలాంటిదాన్ని ఒక పత్రికను మగ్గం వేగంతో చదివాను. కొన్ని రోజులకోసారి అండాలక్క మెసేజ్ పెట్టేది: "చెల్లె, కాయితాలెల్లినయ్, రా." నేను బస్సెక్కేదాన్ని.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. ఇలాంటి పత్రికలో ఒక్కో కాగితాన్ని మధ్యకు మడిచి పిన్ను కొడతారు కాబట్టి, పత్రిక నడుమ వచ్చే కథకు మొదలూ చివరా ఒకే కాగితం మీద ఉంటాయి, మధ్య భాగం ఇంకో కాగితం మీద ఉంటుంది. అండాలక్క కథ పేరు 'వాపస్ వచ్చిన చీర'. నాకు మొదటి రెండు పేజీలు, చివరి రెండు పేజీలు ఒకేసారి దొరికాయి. లక్ష్మి అనే ఆమె నేసిన చీరలో లోపముందని సేటు వాపస్ పంపుతాడు. అక్కడితో మొదలు అయిపోయింది. చివర్లో లక్ష్మి ఆకలితో మగ్గం మీదే వాలి చనిపోతుంది, చేతిలో దారం విసిరే నాడె అలాగే ఉంటుంది.

రాట్నం తిప్పుతూ లక్ష్మమ్మ అడిగింది. "సదివినవా బిడ్డా? మంచిగ సచ్చిన్నా?"

నాకేమీ అర్థం కాలేదు. అండాలక్క మొదటిసారి చేయి ఆపింది.

"అది మా అమ్మ కథ. చీర వాపస్ వచ్చింది నిజమే. మా అమ్మ ఏడ్వలే. గదే చీర గట్టుకోని, నన్ను సంకల ఏస్కోని, బస్సెక్కి భువనగిరికి పొయ్యి సర్కస్ జూసొచ్చింది. నేను గదే రాసిన. నేను సర్కస్‌కు పంపిస్తె, సారు స్మశానానికి పంపిండు."

"నిన్ను అడగలేదా?"

"అడుగుతె కట్టలెందుకు ఎత్తుకొస్త? ఇంటికి తెచ్చినంక మా అమ్మ, ఏం రాసినవో సదువు బిడ్డా అన్నది. ఆమెకు సదువు రాదు. మొత్తం సదివిన, ఆఖరు దాక. అమ్మ నా మొకం దిక్కు సూసుకుంట కూసున్నది. నేనేం తప్పు జేసిన బిడ్డా, నన్నెందుకు సంపినవ్ అన్నది. నేను గాదమ్మా సారు అంటె నమ్మలే. కింద నీ పేరే ఉన్నదంటివి గద అన్నది."

ఆ తర్వాత అండాలక్క ఇంకో కథ రాయలేదు. ఆ ఇంట్లో అదొక పరాచికం అయిపోయింది. చాయ్ ఇస్తే లక్ష్మమ్మ "సచ్చినదాన్కి చాయెందుకు" అంటుంది, తీసుకుని తాగుతుంది. కానీ ఆమెకు ఒక చెవి ఇప్పటికే పోయింది. రెండోది తగ్గుతోంది. అండాలక్కకు కావాల్సింది ఒక్కటే. తన పేరు కింద తన ముగింపు అచ్చులో రావాలి, ఆ చెవి పనిచేస్తుండగానే తల్లికి చదివి వినిపించాలి.

"నాకు కమిటీ ఒప్పుకుంటదా చెల్లె?" అని అడిగింది.

"నేను ఒప్పిస్తాను," అన్నాను. ఉన్నది ఉన్నట్టు అనే నియమం నాకు అప్పుడు గుర్తే రాలేదు.

నేను చేసిన తప్పు

దీన్ని దాచను, ఎందుకంటే మీరూ ఇదే చేస్తారు.

మధ్య కాగితం ఇంకా రోలరులోనే ఉంది. అంచు మాత్రం బయటికి కనిపిస్తోంది. అండాలక్క నల్లా నీళ్లు పట్టడానికి పోయింది. నేను ఫోను లైటు వేసి, అంచులో రెండు లైన్లు చదువుదామని పడుగు మీదికి వంగాను. ఫోను జారి సాగదీసిన దారాల మీద పడింది. అప్పుడే జంగయ్య సార్ ఫోన్ చేశారు. నా ఫోను వైబ్రేషన్ మీద ఉంది. చీర వెడల్పు మొత్తం దారాలు గజగజ వణికాయి, ఫోను వాటి మీద నడుచుకుంటూ నడిమధ్యకు పోయింది. అందుకోబోయి ఒక చేయి పడుగు మీద ఆనించాను. రెండో చేతికి కాగితం అంచు దొరికింది. దొరికింది కదా అని లాగాను.

కాగితం వచ్చింది. చిలుకలు పోయాయి.

అండాలక్క బిందె దించి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ అరిచేదాన్ని, నాకు అది వచ్చు.

"నువ్వు గుడ సార్ లెక్కనే," అంది. "ఒకలు పని జేస్తాంటె నడుమ చెయ్యి వెడ్తవ్."

ఆ రోజూ మర్నాడూ అక్కడే ఉన్నాను. నా ఫోనును లక్ష్మమ్మ కండెల బుట్టలో పెట్టి మీద గుడ్డ కప్పింది. అండాలక్క ఒక్కో పోగు సరిచేస్తుంటే నేను ఆమె చెప్పినచోట వేలు పెట్టి పట్టుకున్నాను. రెండు చిలుకలు మాత్రం సరికాలేదు. ఆ చీర కొన్నవాళ్లెవరో గానీ, అంచు దగ్గర రెండు చిలుకలు ఒకదాని తోక ఒకటి కొరుకుతున్నట్టు ఉంటే, అవి నావి.

చంపిన మనిషి, చచ్చిన మనిషి

నల్లగొండ పోయి యాదగిరి సార్ ముందు ఫోనులో ఫోటోలు పెట్టాను. పోలీసులు పట్టుకుపోని ఆ సంచికలోని పేజీలన్నీ వరసగా చూపించాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. లేచిపోయి గోనె సంచి ఈడ్చుకొచ్చారు. అందులోంచి అండాలక్క చేతిరాత కాగితాలు తీశారు. పైన ఎర్ర పెన్నుతో ఆరు మార్కులు. చివరి పేరా మీద అడ్డగీత. పక్కన 'సర్కస్ అనవసరం. మరణం'.

సంచిలో మిగతావి తిరగేశాను. అందరి చివరి పేరాల మీదా అడ్డగీతలే. మల్లయ్య అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. ఆ పత్రికలో మనుషులను చంపింది రచయితలు కాదు.

"ఎందుకు సార్ ఇట్లా?"

"నేను లెక్కల మనిషిని బిడ్డా," అన్నారు సార్. "భాగహారం జేస్తె ఆఖరికి సున్న రావాలె. శేషం మిగిల్తె లెక్క తెగనట్టనిపిస్తది. మిగిలినోళ్లు ఊకున్నరు. గీ పిల్లనే ఊకోలే."

"ఆమె తల్లి బతికే ఉంది సార్. మీరు చంపింది ఆమెనే."

సార్ రాతప్రతిని మడిచి జేబులో పెట్టుకున్నారు. చెప్పులేసుకున్నారు. "బస్సు ఎన్ని గంటలకు?" అన్నారు.

పోచంపల్లిలో ఆ ఇంటి గడప దగ్గర ఆయన ఆగిపోయారు. లక్ష్మమ్మ రాట్నం మీంచి తలెత్తింది. అండాలక్క ఆమె మంచి చెవిలో గట్టిగా, "అమ్మా, నిన్ను సంపిన సారు వచ్చిండు," అంది. వీధిలో ఇద్దరు ఆగి చూశారు.

లక్ష్మమ్మ ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "నువ్వేనా సారూ? నా బిడ్డే సంపిందనుకున్న గిన్నేండ్లు." కూతురి వైపు ఒకసారి చూసింది. "నిలబడ్డవేంది, కూసో. చాయ్ తాగుతవా?"

సార్ కూర్చున్నారు. చేతులు జోడించబోయి, ఏం చేయాలో తెలియక, జేబులోంచి కాగితాలు తీసి అండాలక్కకు ఇచ్చారు. ఆమె తన పందొమ్మిదేళ్ల చేతిరాత చూసుకుంది. అడ్డగీత కొట్టిన పేరాను తల్లి చెవిలో చదివింది. లక్ష్మి చీర కట్టుకుంది, పిల్లను చంకన వేసుకుంది, బస్సెక్కింది, సర్కస్ చూసింది, ఇంటికి వచ్చింది. అంతే. ఎవరూ చావలేదు.

లక్ష్మమ్మ మొత్తం విన్నది. కళ్లొత్తుకుంటుందని ఎదురుచూశాను, ఫోను కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

"ఏనుగేది?" అంది.

"ఏ ఏనుగమ్మా?"

"సర్కస్ల ఏనుగు లేకుంట ఉంటదా? తొండంతోని నీళ్లు సిమ్మింది. నా చీర మీదనే వడ్డయ్. చీర మీద మరకైతె గింత గుడ పోలే. అది రాయకుంట ఇంకేం రాసినవ్?"

"నేను సంకల ఉన్న పిల్లను, నాకేం యాదుంటది?"

"నన్నడగాలె గద."

సార్ చేయి అలవాటుగా జేబులోని ఎర్ర పెన్ను మీదికి పోయింది. తీశారు. ఒక్క క్షణం పట్టుకుని, అండాలక్క చేతిలో పెట్టారు. ఆమె ఆ కాగితం అంచున ఒక వాక్యం రాసింది: 'ఏనుగు తొండంతో నీళ్లు చిమ్మితే లక్ష్మి తడిసింది, తుడుచుకోలేదు.' పదికి ఎన్ని మార్కులని నేను సార్‌ను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఏనుగు

పందొమ్మిదో సంచికను అలా అచ్చు వేశాం. మిగతా పేజీలన్నీ ఉన్నవి ఉన్నట్టు. పడుగు దారం ఒత్తిన గీతలు కూడా కనిపిస్తాయి. కథకు మాత్రం అండాలక్క ముగింపు, ఏనుగుతో సహా. కింద చిన్న అక్షరాల్లో సార్ పాత ముగింపు కూడా వేశాం, అది ఆయన రాసిందని ఆయన సంతకంతో. పోలీసులు రాలేదని కూడా ఆయనే రాశారు. అది రాయడానికి మాత్రం ఆయనకు మూడు రోజులు పట్టింది.

అచ్చయిన కాపీ పట్టుకుని అండాలక్క తల్లి చెవిలో చదువుతుంటే నేను పక్కనే ఉన్నాను. ఏనుగు దగ్గర లక్ష్మమ్మ చేయి ఎత్తి ఆపింది. "ఇంగోపారి," అంది. చదివింది. "ఇంగోపారి." ఆ తర్వాత చాయ్ అడిగింది. చచ్చినదానికి ఎందుకని అనలేదు.

అప్పుడు కమిటీ లేచింది. జంగయ్య సార్ వాదన ఇది: ముగింపు మార్చడం వరకు సరే, రాతప్రతి ఉంది, సాక్ష్యం ఉంది. రాతప్రతిలో ఏనుగు లేదు. పాత సంచికలో లేని, రాతప్రతిలోనూ లేని ఏనుగును పాత సంచికలో పెడితే అది పాత సంచిక ఎట్లయితది? మూడో సంచికలో ఎద్దును తిప్పి పెట్టించినవాళ్లం, పందొమ్మిదిలో ఏనుగును ఎట్ల రానిస్తం?

నేను ఒప్పుకుంటున్నాను, ఇది గట్టి ప్రశ్న. గట్టి ప్రశ్న కాబట్టే నాకు కోపం వచ్చింది. అరిచాను, గ్రూపులోంచి బయటికి పోయాను, సాయంత్రానికి మళ్లీ చేరాను. ఆ చీర ఇంకా ఉందని, బొంతలో కుట్టారని లక్ష్మమ్మ చెబితే పోయి ఆ మరక ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. "ఇవి ఏనుగు చిమ్మిన నీళ్లే అని గ్యారంటీ ఏంది?" అని జంగయ్య సార్ జవాబిచ్చారు. అదే రోజు నాకు విడిగా ఇంకో మెసేజ్ పెట్టారు. పదకొండో సంచికలో ఆయన కథ ఉంది. అందులో హెడ్మాస్టరును యాదగిరి సార్ చంపేశారు. 'వీలైతే అతన్ని గూడ బతికియ్యగలవా బిడ్డా, ఎవరికి చెప్పకు' అని ఉంది. చెప్పేశాను సార్, క్షమించండి. మీ హెడ్మాస్టరు కోసం కూడా నేను పోట్లాడేదాన్నే, కానీ మీరు నన్ను రిటైర్ చేశారు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. ఈ నలభైలో చేరని ప్రత్యేక సంచికలు ఇంకా మిగిలున్నాయి, వాటిల్లోనూ అందరూ చచ్చిపోయే ఉంటారు. తప్పు జరిగితే తప్పును ఉంచండి, ఎద్దును కవిత పక్కనే ఉంచండి. మనిషి పేరు కింద ఇంకొకరి మాట కనిపిస్తే మాత్రం బస్సెక్కి పోయి ఆ మనిషిని అడగండి. నడుమ చేయి పెట్టకండి. ఆ మనిషి ఏనుగు అంటే ఏనుగు.

అయినా తీసేయాల్సిందే అంటారా? ఆ రోజు భువనగిరి డేరాలో తడిసిన చీరతో కూర్చున్నది లక్ష్మమ్మ. మీలో ఇంకెవరైనా కూర్చున్నారా?